అడగడానికి వెనుకాడే మనసు

(ఆలయ జీర్ణోద్ధరణ విరాళాల సేకరణకు బయలుదేరుతున్న సేవాబృందం సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



జీర్ణోద్ధరణ సంఘంవారు ఈ సాయంకాలం నాకు అప్పగించిన విషయం చూడడానికి చిన్నది. మన ఊరిలో శ్రమకు వెనుదీసేవారు లేరు. రాయి మోయమంటే మోస్తారు. వంటశాలలో తెల్లవారుజాము నుండి నిలబడమంటే నిలబడతారు. స్వామివారి పల్లకి భుజానికెత్తుకొనడానికి పోటీ పడతారు. అదే చేతికి ఒక రసీదు పుస్తకం అందించి, ‘నాలుగు ఇళ్లకు వెళ్లి రండి’ అంటే మాత్రం ముఖాలు మారిపోతాయి. ‘నాకు మాట్లాడడం రాదండీ’ అని ఒకరు, ‘తెలిసినవారిని అడగగలను గాని ముక్కూ ముఖం తెలియనివారిని ఎలా అడిగేది?’ అని ఒకరు, ‘మరే పనైనా చెప్పండి, చేస్తాను’ అని మరొకరు. ఈ మాటలు అన్నవారిలో కొందరు ఇప్పుడు నా ఎదుటనే కూర్చుని ఉన్నారు. వారికి నొప్పి కలిగించే ఉద్దేశంతో చెప్పడం లేదు. మనం మాట్లాడుకోవలసినది ఆ సంకోచం గురించే.

కళాకర్షణ జరిపి స్వామివారిని బాలాలయంలో ప్రతిష్ఠించుకున్నాము. గర్భాలయం పని పూర్తయ్యేవరకు స్వామికి ఆ చిన్న మందిరమే నివాసం. మనకు సిగ్గు తీరేదాకా పని ఆగితే అన్నాళ్లూ స్వామి అక్కడే వేచి ఉండవలసివస్తుంది. కనుక ఈ విషయం చిన్నది అన్నానే గాని, తేలిక అనలేదు.

అడగడానికి సిగ్గుపడడం లోపమని నేను అనను. మన ఇళ్లలో పిల్లలకు తొలుత నేర్పే మర్యాదలలో, పరాయి ఇంటికి వెళ్లినప్పుడు ఏదీ అడగరాదనేది ఒకటి. పొరుగింటివారు పళ్లెంలో పెట్టి ఇచ్చిన పలహారం అందుకొనేముందు కూడా తల్లి ముఖం వంక చూసే పిల్లలు మన పిల్లలు. ‘దేహీ’ అని చేయి చాచడం కంటె పస్తుండడం మేలనుకున్న పెద్దల కడుపున పుట్టినవారము. అటువంటి పెంపకంలో పెరిగినవాడికి ఎరుగని గడప ఎదుట కాళ్లు తడబడడం సహజం. సంకోచం ఏ కోశానా లేనివాడి చేతికి రసీదు పుస్తకం ఇవ్వడానికి నేనైతే జంకుతాను.

అయితే ఆ సంకోచాన్ని విప్పి చూస్తే అందులో రెండు పోగులు కనిపిస్తాయి. ఎదుటివారిని ఇబ్బంది పెట్టకూడదనే భావం ఒకటి. ‘కాదంటే నా ముఖం ఏమవుతుంది’ అనే భావం మరొకటి. మొదటిది దయ, దానిని వెంట తీసుకొనే వెళ్లండి. రెండవది అభిమానం. వీధిలోకి అడుగు పెట్టనీయకుండా పట్టి వెనక్కు లాగేది ఇదే. దీనికి విరుగుడు ధైర్యమని అందరూ అంటారు. నా అనుభవంలో అది ధైర్యం కాదు. ‘ఇది నా కోసం కాదు’ అనే సంగతి మనసుకు పట్టడం. ఆ సంగతి నోటితో అనడం తేలిక, పట్టడం కష్టం. అందుకు మన సంప్రదాయంలోనే కొన్ని దారులు ఉన్నాయి.

పోతనామాత్యుని భాగవతంలో అష్టమ స్కంధంలోని వామన చరిత్ర మీకందరికీ తెలిసినదే. అడగడానికి వచ్చినవాడు సాక్షాత్తు శ్రీమహావిష్ణువు. అడగడానికి ఆయన పొట్టివాడైనాడు. ఆ రూపాన్ని చూపి, యాచన ఎంతవానినైనా చిన్నవానిని చేస్తుందని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ మాట కాదనను. కాని అదే కథలో మరి రెండు సంగతులు ఉన్నాయి. ఆయన తన కోసం అడగలేదు. రాజ్యం పోగొట్టుకున్న ఇంద్రుని కోసం, బిడ్డల దుస్థితికి కుమిలిపోయిన అదితి కోసం వచ్చాడు. కావలసినదేమిటో కూడా కొలత వేసి చెప్పాడు: తన పాదాలతో మూడడుగులు. బలిచక్రవర్తి, ఇంత స్వల్పమేమిటి, పెద్ద కోరిక కోరుకొమ్మన్నా మాట మార్చలేదు. ‘తమకు తోచినంత’ అని చేతులు నలుపుకొనలేదు. ఆ మూడడుగులు పిమ్మట ముల్లోకాలైన మాట నిజమే. మనం మాత్రం రసీదు మీద రాసిన అంకెను పెరగనివ్వకూడదు!

‘మీకు తోచినంత ఇవ్వండి’ అనే మాట వినయంగా వినిపిస్తుంది గాని, నిజానికి అది మన సంకోచాన్ని ఎదుటివారి నెత్తిన పెట్టడమే. ఎంత ఇస్తే బాగుంటుందో, ఎంత ఇస్తే తక్కువగా చూస్తారో తెలియక ఆ గృహస్థు తికమకపడతాడు. ‘ముఖమండపంలో పరచే రాళ్లకు మా వీధిలో ఇంటికి నూటపదహారు చొప్పున అడుగుతున్నాము’ అంటే ఆయనకు ఒక ఆధారం దొరుకుతుంది. అంతకు పైన ఇవ్వాలనుకుంటే వెయ్యినూటపదహార్లు ఇస్తాడు, వీలు లేకపోతే యాభై అంటాడు. రెండింటికీ ముఖం ఒకే తీరుగా ఉంచండి. అంకె చెప్పిన తరువాత చేయవలసినది మౌనంగా ఉండడం. అన్నింటికన్న కష్టమైనది ఇదే. ఆ నాలుగు క్షణాల నిశ్శబ్దాన్ని భరించలేక మనమే ‘పరవాలేదండీ, ఇప్పుడు కాకపోతే తరువాతనైనా…’ అని ఇవ్వబోయే చేతిని వెనక్కు నెట్టేస్తాము. ఆలోచించుకొనే సమయం గృహస్థుది. దానిని ఆయనకే వదలండి.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? ఉపనయనం జరిగిన వటువు చేత భిక్ష అడిగిస్తారు కదా. తొలి భిక్ష ఎవరిని అడగాలో స్మృతులు చెప్పాయి: తల్లిని గాని, తోబుట్టువును గాని, పినతల్లి వంటివారిని గాని, అంటే లేదని అవమానించనివారిని. ఇందులోని లోకజ్ఞానానికి నేను ఎన్నోసార్లు ఆశ్చర్యపోయాను. ఎనిమిదేళ్ల పిల్లవానికి అడగడం నేర్పదలచిన పెద్దలు, వానిని ఒక్కసారిగా వీధిలోకి తోయలేదు. కాదనని చేతి నుండి మొదటి పిడికెడు బియ్యం పుచ్చుకున్నాక, రెండవ గడప అంత ఎత్తుగా కనిపించదు. మీరూ అలాగే చేయండి. పుస్తకంలో మొదటి రసీదు మీ పేరున మీరే రాసుకోండి, ఎంత చిన్న మొత్తమైనా సరే. రెండవది మీ ఇంటిలోనివారి పేరున. మూడవది మేనమామదో, పక్కింటి పిన్నిగారిదో. తాను ఇవ్వకుండా ఇతరులను అడిగేవాని గొంతులో ఎక్కడో ఒక జీర ఉంటుంది. ఇచ్చి అడిగేవాడు ‘మాతో కలవండి’ అంటాడు. వినేవారు ఆ తేడాను పట్టేస్తారు.

ధనుర్మాసంలో మన వీధులకు వచ్చే హరిదాసును తలచుకోండి. తలపై అక్షయపాత్ర, చేతిలో చిడతలు, నోట హరినామం. ఆయన ఎవరినీ బతిమాలడు. కీర్తన పాడుకుంటూ నడుస్తాడు. ఇంటివారు పిల్లవాని దోసిట బియ్యం పోసి పంపితే, ఆ పసివాని చేతికి అందేట్లు తానే వంగుతాడు. బియ్యం వేయని ఇంటి ముందు కూడా కీర్తన ఆగదు. త్యాగరాజస్వామివారు తిరువైయారు వీధులలో కీర్తనలు పాడుతూ ఉంఛవృత్తి సాగించారు. ఆ మహానుభావుని గురించి యాచకుడని ఎవరమైనా అనగలమా? చేయి చాచడంలో చిన్నతనం ఉన్నదో లేదో ఆ చేయి ఎవరి పక్షాన చాచినదో చూస్తే తెలుస్తుంది.

కొన్ని వాడుక విషయాలు చెబుతాను. ఇవి చిన్నవే గాని, వీటిని పాటించక పనులు చెడిన సందర్భాలు చాలా చూశాను. దుకాణాలకు బోణీ కాకముందు వెళ్లకండి. తొలి బేరం జరగకముందే గల్లాపెట్టె నుండి డబ్బు తీయమంటే ఎంత భక్తుడికైనా మనసు కొంకుతుంది. మంగళవారం, శుక్రవారం ఇంటి నుండి డబ్బు వెలుపలికి ఇవ్వనివారు మనలో ఎందరో ఉన్నారు. దీపాలు పెట్టిన వేళ కూడా అంతే. భోజనాల వేళ తలుపు తట్టకండి. ఇద్దరిద్దరుగా వెళ్లండి, వీలైనంతవరకు ఇద్దరిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి. పగటిపూట ఇంటిలో ఒంటరిగా ఉన్న గృహిణి ఇద్దరు అపరిచిత పురుషులకు తలుపు తీయాలని ఆశించడం న్యాయం కాదు. గడప బయటనే నిలబడి మీరెవరో, ఏ వీధివారో, ఎవరు పంపగా వచ్చారో ముందు చెప్పండి. సంఘం ఇచ్చిన గుర్తింపు పత్రం అడగకముందే చూపండి. లోపలికి రమ్మంటే వెళ్లండి, మంచినీళ్లు ఇస్తే పుచ్చుకోండి. స్థలపురాణం మొదటి నుండి వినిపించనక్కరలేదు. మండపం కప్పు కారుతున్నది, గర్భాలయపు రాళ్లు కదిలాయి, స్వామి బాలాలయంలో ఉన్నారు – ఈ మూడు ముక్కలు చాలు. మాటలు రావని భయపడేవారు ఎక్కువ మాట్లాడనక్కరలేదని తెలుసుకుంటే సగం భయం తీరిపోతుంది. నిజానికి మితభాషులకు దొరికినంత విరాళం వాచాలురకు దొరకడం నేను తక్కువగా చూశాను.

కాదన్నవారి మాట. కాదనడానికి మనవారికి వంద తీరులు ఉన్నాయి. ‘ఇంట్లో పెద్దవారు లేరు’, ‘నెలాఖరు కదండీ’, ‘మొన్ననే మా పుట్టింటివారి ఊరి గుడికి ఇచ్చాము’, ‘చూద్దాం, మళ్లీ రండి’. వీటిలో ఏది నిజమో, ఏది మర్యాదకు అన్నదో తేల్చడం మన పని కాదు. మళ్లీ రమ్మన్నవారిని ఏ రోజు రమ్మంటారో అడిగి, ఆ రోజుకు వెళ్లండి. రెండవసారీ మళ్లీ రమ్మంటే ఇక వెళ్లవద్దు. దేవుని మీద నమ్మకం లేదన్నవారితో వాదం పెట్టుకోకండి. ఇతర మతస్థులు ఎదురైతే నమస్కరించి రండి. వారే ఇష్టపడి ఇస్తే సంతోషంగా స్వీకరించండి. కొందరు విసుక్కుంటారు కూడా. ఆ ఇంట ఆ పూట ఏమి జరిగి ఉన్నదో మనకేమి తెలుసు? ఆసుపత్రి నుండి అప్పుడే వచ్చి ఉండవచ్చు, అప్పులవాడు అప్పుడే వెళ్లి ఉండవచ్చు. వారు కాదన్నది మనం అడిగిన సొమ్మును. మన ముఖాన్ని కాదు. నమస్కారం చేసి గేటు వేసి రండి. గేటు చప్పుడు కాకుండా వేయడం కూడా ఈ సేవలో భాగమే.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. సిగ్గు జయించడం వేరు, సిగ్గు విడిచిపెట్టడం వేరు. ‘పక్కింటివారు అయిదు వేలు ఇచ్చారు, మీరు ఇంతేనా’ అనడం, ఇవ్వకపోతే కీడు కలుగుతుందన్నట్లు సూచించడం, పెళ్లికి ఎంత ఖర్చు పెట్టారో గుర్తు చేయడం, నలుగురి ఎదుట అడిగి ఇరుకున పెట్టడం – ఇవి ధైర్యం కావు. ఇలా వచ్చిన సొమ్ముతో లేచిన గోడలో ఆ గృహస్థుని నిట్టూర్పు కూడా ఉంటుంది. అటువంటి వసూలు కంటె నాలుగు రాళ్లు తక్కువ పడినా నష్టం లేదు.

ఇప్పుడు నా మనసులో ఎంతోకాలంగా ఉన్న సంగతి చెబుతాను. ఒక ఊరిలో ఆలయం పునర్నిర్మించి దాతల పేర్లు నల్లరాతి పలక మీద చెక్కించారు. ఆ ఊరి పేరు అనవసరం. చెరువు అవతలి వాడకు చెందిన పేరు ఒక్కటీ ఆ పలక మీద లేదు. కారణమేమని అడిగితే, ‘వారు ఏమి ఇవ్వగలరు, కూలినాలి చేసుకునేవారు, అడిగి ఇబ్బంది పెట్టడమెందుకని వెళ్లలేదు’ అన్నారు. వినడానికి దయగానే ఉంది. ఆ వాడలో ఒక వృద్ధురాలితో మాట కలిపితే, ‘మమ్మల్ని ఎవరూ అడగలేదు బాబూ’ అన్నది. ఆ గొంతులో ఉపకారం పొందిన భావం లేదు. విస్తరి వేయని పంక్తిలో నిలబడినవారి గొంతు అది. ‘వారు ఇవ్వలేరు’ అని మనం తీర్మానించడంలో, వారిది కాదు ఈ గుడి అని చెప్పడం కూడా ఉంది. అడగడానికి మనం పడే సిగ్గును వారి పేదరికం మీదకు తోసి, దానికి దయ అని పేరు పెట్టుకుంటాము.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘం, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించాలని నిశ్చయించింది. ఆ ఏప్రిల్‌లోనే గాంధీమహాత్ముడు కాకినాడ వచ్చారు. అప్పటికి పన్నెండేళ్లయినా నిండని దుర్గాబాయి, ఆయన చేత దేవదాసీ స్త్రీలకు, ఘోషాలోని ముస్లిం స్త్రీలకు నాలుగు మాటలు చెప్పించాలని పట్టుపట్టింది. అందుకు అయిదు వేల రూపాయల నిధి సమర్పించాలని నిర్వాహకులు అన్నారు. ఒక చిన్నపిల్ల ఆ మాట తీసుకొని ఎవరి వద్దకు వెళ్లింది? ఊరిలోని ధనికుల వద్దకు కాదు. సమాజం చిన్నచూపు చూసిన ఆ దేవదాసీ స్త్రీల వద్దకే. వారు ఆ సొమ్ము సమకూర్చారు. సభ జరిగింది. అక్కడ ఆ స్త్రీలు నగలు కూడా ఒలిచి ఇచ్చారు. ఈ వృత్తాంతం దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారే తమ జ్ఞాపకాలలో చెప్పుకున్నారు. తరువాతి కాలంలో ఆంధ్ర మహిళా సభ వంటి సంస్థను నిలబెట్టిన ఆమెకు అడగడంలో తొలి పాఠం అదే అనుకుంటాను.

కన్యాకుమారి వద్ద సముద్రంలోని శిలపై వివేకానంద స్మారకం చూసినవారు మనలో ఉన్నారు. 1970 సెప్టెంబరు 2న నాటి రాష్ట్రపతి, మన తెలుగువారైన వి.వి.గిరిగారు దానిని ప్రారంభించారు. నిర్మాణ భారం వహించిన ఏక్‌నాథ్ రనడేగారు ప్రభుత్వాలను అడిగారు, సంపన్నులను అడిగారు. అంతటితో ఆగక, ఒక్క రూపాయి మొదలుకొని సామాన్యుల నుండి దేశమంతటా సేకరించే ఏర్పాటు చేశారు. లక్షల మంది ఇచ్చారు. రూపాయి కోసం ఒక ఇంటికి మనిషిని పంపితే రాకపోకల ఖర్చయినా రాదని లెక్క చెప్పేవారు అప్పుడూ ఉండి ఉంటారు. ఆ రూపాయి ఇచ్చినవాడు జీవితాంతం ఆ శిల తనది కూడా అనుకుంటాడు. ఈ లాభం ఏ లెక్కల పుస్తకంలోనూ కనిపించదు.

అందుచేత మన సేకరణలో వాడలు, కాలనీలు, కాలువగట్టు ఇళ్లు ఏవీ విడిచిపెట్టకుండా వీధుల పంపకం జరిగింది. అక్కడ పది రూపాయలు ఇచ్చినా రసీదు రాయండి. డబ్బు లేదని, ఒక రోజు పనికి వస్తామంటే అదీ రాయండి. పావుశేరు బియ్యం ఇచ్చినా రాయండి. రసీదు మీద పేరు వారు చెప్పినట్లే, పూర్తిగా, గౌరవంగా రాయాలి. ‘ఫలానావారి ఇంటి పనిమనిషి’ అని రాసిన రసీదు ఒకటి ఒకచోట నా కంట పడింది. అటువంటివి మన పుస్తకాలలో ఉండరాదు.

లెక్క గురించి ఒక్క మాట. భద్రాద్రి రామునికి ఆలయం కట్టించిన కంచెర్ల గోపన్నగారి కంటె గొప్ప భక్తుని మనం చూపలేము. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉంటూ సర్కారు పైకాన్ని ఆలయానికి వెచ్చించినందుకే గోల్కొండ ప్రభువు ఆయనను చెరలో పెట్టించాడు. పన్నెండేళ్లని ప్రతీతి. అంతటివానికి కూడా లెక్క అడిగేవారు ఉన్నప్పుడు మనమెంత? ఆయన పైకం శ్రీరాముడే వచ్చి చెల్లించాడని మన విశ్వాసం. మన రసీదు పుస్తకంలో తేడా వస్తే స్వామి వచ్చి సరిచేస్తారని నమ్ముకోవడం మాత్రం తగదు. లెక్క సరిగా ఉన్నవాడికి అడిగేటప్పుడు గొంతు వణకదు. ‘ముందు వసూలు చేసినది ఏమైంది?’ అని ఎవరైనా నిలదీస్తే కోపగించకండి. అది అడిగే హక్కు దాతకు ఉంది. ఇంతవరకు వచ్చిన మొత్తం, అయిన ఖర్చు రాసిన కాగితం ప్రతి పుస్తకం వెనుక అంటించి ఇస్తున్నాము, దానిని చూపండి. ఆదాయపు పన్ను రాయితీ అడిగినవారికి మీ అంతట మీరు హామీ ఇవ్వవద్దు. అన్ని ఆలయాల విరాళాలకూ ఆ రాయితీ ఉండదు. ఉన్నచోట కూడా రెండు వేల రూపాయలకు మించి నగదుగా ఇచ్చినదానికి వర్తించదు. కార్యాలయంలో కనుక్కొని చెబుతామనండి. ఫోను ద్వారా చెల్లిస్తామన్నవారికి సంఘం ఖాతా క్యూఆర్ కోడ్ ఉన్న కార్డునే చూపండి. మీ సొంత ఖాతాకు ఒక్క రూపాయి కూడా పుచ్చుకోవద్దు, తరువాత జమ చేద్దామనే సదుద్దేశంతోనైనా సరే.

ఇవి విరాళాలు ఇచ్చేవారు విన్నా నష్టం లేదు. మీ గడపలోకి వచ్చి రెండు మాటలకే గొంతు ఆరిపోయిన కుర్రవాడు కనిపిస్తే, ఇవ్వదలచినా ఇవ్వకపోయినా ఆ మాట వెంటనే చెప్పండి. అరగంట నిలబెట్టి కులగోత్రాలు విచారించి చివరకు రేపు రమ్మనడం కంటె అది వానికి మేలు.

రసీదు పుస్తకాలు కార్యాలయం బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. ఒక్కొక్కదానిలో యాభై రసీదులు. సంఖ్యలు సరిచూసుకొని రిజిస్టరులో సంతకం చేసి తీసుకోండి. పాడైన రసీదును చించివేయక, అడ్డంగా గీత కొట్టి పుస్తకంలోనే ఉంచండి. రేపు బుధవారం, ఉదయం తొమ్మిది తరువాత బయలుదేరవచ్చు. కాలువగట్టు ఇళ్లకు నాతో వచ్చేవారు ఇద్దరు కావాలి. ఇంతవరకు ఎన్నడూ ఎవరినీ అడిగి ఎరుగనివారైతే మరీ మంచిది. సభ ముగిశాక నన్ను కలవండి. సెలవు.